వత్తి కాలేంత సేపు

మా అవ్వ మౌనమే మా ఇంటిని కాపాడిందని మా బంధువుల్లో ఒక కథ చలామణిలో ఉంది. పెళ్లిళ్లలో భోజనాలయ్యి, ఆకువక్క నములుతూ కూచున్నప్పుడు ఎవరో ఒకరు దాన్ని బయటికి తీస్తారు. ప్రత్యేక రాష్ట్రం ఉద్యమం రోజుల్లో, తార్నాకలో మేం అద్దెకున్న ఇంటి ఓనరమ్మ కోపంతో ఊగిపోతూ మా గడప దగ్గరికి వచ్చిందట. ఆమె వెనక కట్టెలు పట్టుకున్న గుంపు ఉందట. మా అవ్వ ఉలకలేదట, పలకలేదట. దీపం ముందు కూచుని వింటూనే ఉందట. చెప్పీ చెప్పీ ఓనరమ్మ మనసు కరిగిపోయి, అవ్వ ఒళ్లో తలపెట్టి ఏడ్చి, గుంపును వెనక్కి పంపించేసిందట.

ఈ కథను అందరికన్నా రక్తి కట్టించి చెప్పేవాడు మా తమ్ముడు. ఆ సాయంత్రానికి వాడికి పళ్లు కూడా పూర్తిగా రాలేదు.

గుంపు రాలేదు. ఒళ్లో తల పెట్టడం అసలే లేదు. నాకప్పుడు పదేళ్లు. తలుపు రెక్క వెనక నిలబడి ఉన్నాను. చూసినదాన్ని నేను, చెప్పేవాళ్లు వాళ్లు.

ఇప్పుడెందుకీ తగువంటే, మా తమ్ముడి కూతురు ఏదో 'వినడం నేర్చుకునే' క్లాసుకు పోతోంది. చాపల మీద కూచోబెట్టి, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే అడ్డు తగలకుండా వినమంటారట. మన ఇళ్లల్లో ఆడవాళ్లు వంటింట్లో ఫీజు లేకుండా చేస్తున్న పని అదే కదమ్మా అన్నాను. దానికి కోపం వచ్చింది. క్లాసులో మా అవ్వ కథ చెప్పిందట, అందరి కళ్లూ తడిశాయట. పెద్దదిగా రాసి తెమ్మన్నారట, వివరాల కోసం నా దగ్గరికి వచ్చింది. ఆవేళ కూడా యూనివర్సిటీ వైపు నుంచి గోల వినిపిస్తూనే ఉంది. మళ్లీ అదే కేంపస్, మళ్లీ అదే మాట, మళ్లీ పోలీసు వాహనాలు. కిటికీలు వేసుకున్నా బాష్పవాయువు ఘాటు సందుల్లోంచి వచ్చి గొంతు పట్టుకుంది. రోడ్లు మూసేస్తారని పిల్ల వెంటనే వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ వాసన పీల్చుకుంటూ అక్కడే కూచుండిపోయాను. ఆ వాసన నాకు కొత్త కాదు.

అప్పటి తార్నాక ఇప్పటిది కాదు. ఫ్లైఓవరు లేదు, ఇన్ని అంతస్తుల దుకాణాలు లేవు. రాళ్లగుట్టలు, సీతాఫలం పొదలు, మధ్యమధ్య పెంకుటిళ్లు. ఓనరమ్మ వాళ్లది నల్గొండ వైపు పల్లె. భర్త పోయాక పొలం కౌలుకిచ్చి, బర్రెలను తోలుకుని, కొడుకు చదువు కోసం వచ్చింది. ముందు భాగంలో వాళ్లు, వెనక రెండు గదుల్లో మేము. పెరట్లో బర్రెల కొట్టం, దాని మీద గడ్డి దాచే అటక. మాది కడప వైపు. నాన్నకు యూనివర్సిటీలో ఆఫీసు ఉద్యోగం. ఉద్యోగంతో పాటు అమ్మ, అవ్వ, నేను, తమ్ముడు కూడా బదిలీ అయి వచ్చాం.

పేడ, తవుడు, కాగుతున్న పాలు, కట్టెల పొగ. ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులోంచి పోలేదు. ఓనరమ్మ జొన్నరొట్టె కాల్చేటప్పుడు చేతుల మధ్య చప్పట్లు కొట్టినట్టు చరిచేది. ఆ చప్పుడు వినగానే నేను గోడ దగ్గరికి చేరేదాన్ని. సర్వపిండి చేస్తే మాడిన అంచు నాది. మా ఇంట్లోంచి సంగటి, ఊరుబిండి పచ్చడి అటు పోయేవి. ఆమె కొడుకు, నేను అన్నా అని పిలిచేదాన్ని, ఆర్ట్స్ కాలేజీలో చదివేవాడు. మొదటిసారి సంగటి ముద్ద చూసి మా నాన్నను అడిగాడు: "సార్, గీ ముద్దలు తినేటియా, తోపుల వెట్టి పేల్చేటియా?" అని. నాన్న ఎప్పుడూ అంతగా నవ్వడు. ఆ రోజు నవ్వాడు.

ఇక అవ్వ సంగతి. ఆమెకు ఊళ్లో ఒక మఠం సాధువు ఉపదేశం ఇచ్చాడు. నోటితో దేవుణ్ణి చాలా సతాయించావు, ఇక చెవితో కొలువు అన్నాడట. సందె వేళ గడపలో ఆముదం దీపం పెట్టాలి. వాకిలి బార్లా తెరవాలి. ఆ వత్తి కాలేంత సేపు కూచుని ఆలకించాలి. ఎవరు వచ్చినా వద్దనకూడదు. ఏం చెప్పినా అడ్డు చెప్పకూడదు, ఓదార్చకూడదు, బదులివ్వకూడదు. విన్నది ఇంకొకరికి మోయకూడదు. వత్తి కొడిగట్టాక "ఆలకిస్తి తల్లీ" అని ఒక్క మాట అని లేవాలి. ఆమె దాన్ని 'ఆలకింపు' అనేది.

ఎవరూ రాకపోతే ఉన్నదాన్నే ఆలకించేది. బర్రె నెమరు, మెట్టుగూడ వైపు షంటింగ్ ఇంజన్ల రొప్పు, పక్కింట్లో పిల్లవాడి ఎక్కాలు. "మంచి సప్పుడు, సెడ్డ సప్పుడు అని ఏరకూడదు పాపా" అని నాకు చెప్పేది. ఏరకుండా వినడం ఎలాగో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. పిల్లి పాలు తాగుతోందని, గోడ మీంచి పాము దిగిందని, ఇల్లు అంటుకుందని ఆమె చెవిలో అరిచి చూశాను. కనురెప్ప కూడా కదిలేది కాదు. వత్తి అయ్యాక మాత్రం నా చెవి మెలిపెట్టేది.

మెల్లగా వీధిలో ఆడవాళ్లకు ఈ సంగతి తెలిసింది. బదులివ్వని మనిషి దొరకడమంటే మాటలా? వచ్చి కూచునేవాళ్లు, అత్తల మీద, మొగుళ్ల మీద, కడుపునొప్పుల మీద చెప్పుకునేవాళ్లు, లేచి పోయేవాళ్లు. అందరికన్నా ఎక్కువగా వచ్చేది ఓనరమ్మ. పాలు పిండి, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వచ్చి గడపకు అవతల కూచునేది. చచ్చిపోయిన భర్తను తిట్టేది. కౌలు ఎగ్గొట్టే మరిదిని తిట్టేది. తిట్టి, తేలిగ్గా ఊపిరి తీసుకుని లేచేది.

ఆ ఏడాది బడులు మూసేశారు. మొదట పండగలా ఉండింది. నేనూ, వీధిలో పిల్లలూ కేంపస్ అంతా తిరిగేవాళ్లం. సీమచింతకాయలు రాల్చేవాళ్లం. పొద్దున ఊరేగింపు జరిగిన చోటికి మధ్యాహ్నం పోతే తెగిన చెప్పులు, పగిలిన అద్దాలు, పేలిన బాష్పవాయువు గుండ్ల డబ్బాలు దొరికేవి. నేనొక డబ్బా ఇంటికి తెచ్చి అందులో తులసి మొక్క నాటబోతే అమ్మ వీపు విమానం మోత మోగించింది. ఊపిరాడనప్పుడు ముక్కుకు ఉల్లిపాయ పెట్టుకోవాలని నేర్పింది అన్నే. ఉల్లిపాయ జేబులో పెట్టుకుని ఊరేగింపుకు పోయేవాడు. తిరిగి వచ్చాక అదే ఉల్లిపాయ రొట్టెలోకి కొరుక్కునేవాడు.

ఒకరోజు వాడు మా వసారాలో కూచుని నాన్నతో మాట్లాడుతున్నాడు. అమ్మ ఇచ్చిన కాఫీ గ్లాసు చేతిలో ఉంది. గొంతు కూడా పెంచకుండా అన్నాడు:

"సార్, మీ మీద నాకు కోపం లేదు. మీరు మంచోళ్లే. గని మీరు కూసున్న కుర్సీ మాది."

నాన్న కాఫీ తాగడం ఆపలేదు. "కుర్చీ కింద పేరు రాసుంటాదా నాయనా?" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. అన్న నవ్వు త్వరగా ఆగిపోయింది, నాన్నది ఇంకా త్వరగా. వాళ్లిద్దరూ కలిసి కాఫీ తాగడం ఆ తర్వాత నేను చూడలేదు. వాడన్నది అబద్ధమని నేను ఇవాళ కూడా అనను. మాకు ఆ కుర్చీ తప్ప ఇంకో దిక్కు లేదన్నది కూడా అబద్ధం కాదు.

ఆ తర్వాత చప్పుళ్లు మారాయి. అది నేను అవ్వ పక్కన కూచునే గమనించాను. ఎక్కాలు చదివే పిల్లవాణ్ణి ఊరికి పంపేశారు. సాయంకాలం ఆడుకునే పిల్లల్ని దీపాలు పెట్టకముందే లోపలికి లాక్కునేవాళ్లు. దూరంగా ఈలలు, తర్వాత బూట్లు, తర్వాత ఏమీ ఉండేది కాదు. ఆ ఏమీ లేకపోవడం అన్నిటికన్నా భయంగా ఉండేది. నాన్న రోడ్డు మీద పోవడం మానేసి, రైలు పట్టాల పక్కన నడిచి ఆఫీసుకు పోయేవాడు. పేపర్లో వచ్చిన చావుల గురించి పెద్దవాళ్లు మా ముందు మాట్లాడేవాళ్లు కాదు. వాకిలి వేయమని అమ్మ బతిమాలేది. పిల్లలున్న ఇల్లు, ఎవరు రాయి విసురుతారో తెలియదు అనేది. అవ్వ వినేది కాదు. అందరి మాటా వినే మనిషి ఇంట్లోవాళ్ల మాట వినకపోవడం కూడా నేను అప్పుడే చూశాను.

ఇక్కడి నుంచి జరిగింది జరిగినట్టు చెబుతాను.

హాస్టళ్లలో పోలీసులు సోదాలు మొదలుపెట్టారు. ఇళ్లలో ఉండే విద్యార్థుల కోసం కూడా వెతుకుతున్నారని చెప్పుకున్నారు. అన్న కనబడడం మానేశాడు. ఊరికి పోయాడని ఓనరమ్మ అందరికీ చెప్పింది. మాకూ అదే చెప్పింది. ఒక సాయంత్రం మాత్రం ఆలకింపు వేళ వచ్చి గడపకు దగ్గరగా జరిగి కూచుని, గొంతు తగ్గించి అవ్వతో చెప్పింది. పిల్లగాడు ఊరికి పోలేదు, కొట్టం మీది అటకలో గడ్డిలో పంటున్నడు. పొద్దంతా గడ్డిపరక కదిలినా పానం పోతున్నది. అన్నం పాలకుండలో పెట్టి పంపుతున్న. "గీ ముచ్చట నీకు దప్ప ఎవ్వలకు జెప్పలే పెద్దమ్మా" అంది.

వత్తి కొడిగట్టాక అవ్వ "ఆలకిస్తి తల్లీ" అంది. ఓనరమ్మ కళ్లు తుడుచుకుని వెళ్లింది.

తలుపు వెనక నేనున్నాను. నేను ఎవరికీ చెప్పలేదు. తెలిసిన రహస్యాన్ని కడుపులో పెట్టుకుని, కొట్టం వైపు చూడకుండా తిరగడమే నాకు పెద్ద ఆటగా ఉండింది. కానీ ఇంట్లో నేనొక్కదాన్నే లేను. గోడకు అటువైపు మంచం మీద నాన్న పేపరు చదువుకుంటున్నాడు. ఓనరమ్మ మాట్లాడినంత సేపూ కాగితం తిప్పిన చప్పుడు కాలేదు.

మరి కొన్ని రోజులకు కర్ఫ్యూ పెట్టారు. మధ్యాహ్నమే ఆఫీసులు మూసేశారన్నారు. నాన్న రాలేదు. అమ్మ బియ్యం ఏరుతూ ఏరిన బియ్యమే మళ్లీ ఏరింది. నాలుగు గంటల ఎండలో వీధి మొదట్లో ఒక పోలీసు జీపు ఆగింది. అందులోంచి నాన్న దిగాడు. బస్సులు లేవు, దారిలో కనబడితే ఎక్కించుకున్నారని చెప్పాడు. చొక్కా వీపున తడిసి అంటుకుపోయి ఉంది. నీళ్లు అడిగి, తాగకుండానే చెంబు కింద పెట్టాడు. అవ్వ గడపకు పసుపు రాస్తోంది. ఆమె తల ఎత్తి జీపు పోయేదాకా చూసింది. నాన్న ముఖం చూసింది. మళ్లీ పసుపు రాసింది.

మర్నాడు పాలు పిండే వేళకు పోలీసులు వచ్చారు. ముందు గదులు వెతకలేదు. బీరువా తెరవలేదు. నేరుగా పెరట్లోకి వచ్చి, కొట్టానికి నిచ్చెన వేశారు. అన్నను కిందికి దించినప్పుడు వాడి జుట్టు నిండా గడ్డి పోచలున్నాయి. ఒక దెబ్బ వాడి మోకాలి మీద పడింది. ఆ చప్పుడు నేను విన్నాను. మంచి చప్పుడు, చెడ్డ చప్పుడు అని ఏరకూడదు కదా, అవ్వ కూడా వినే ఉంటుంది. ఓనరమ్మ అరవలేదు. పిండిన పాలు కాలికి తగిలి ఒలికి, కొట్టమంతా పారి, మా గుమ్మం దాకా వచ్చాయి.

ఆ రోజు సాయంత్రం కూడా అవ్వ దీపం పెట్టింది. నాన్న లోపల మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వీధిలో మనిషి లేడు. ఓనరమ్మ ఒక్కతే వచ్చింది. కట్టెలు లేవు, గుంపు లేదు. అదే చోట, గడపకు అవతల కూచుంది. వత్తి సగం అయింది.

"నీకొక్కదానికే జెప్పిన" అంది చివరికి. "దేవునికి జెప్పుకున్నట్టు జెప్పిన. నీ కొడుకు ఇన్నడా పెద్దమ్మా?"

అవ్వ ఆమె ముఖంలోకి చూస్తూ కూచుంది.

"నిన్న జీపుల దిగిండంట. అందరు అంటున్నరు. నేను అంటలే. నేను నిన్నడుగుతున్న. నీ కొడుకు జెప్పలేదను. ఒక్కపారి లేదను. నేను నమ్ముత. వాళ్లనందర్ని నోళ్లు ముయ్యుమంట."

ఆముదం చిటపటమంది. అవ్వ పెదవులు బిగుసుకుని ఉన్నాయి. ఓనరమ్మ గడప మీద చెయ్యి వేసింది. అంతవరకు ఆమె ఎప్పుడూ మా గడపను తాకలేదు.

"గీ దీపం నేను ఆర్పాల్నా? ఆర్పితె మాట్లాడ్తవా?"

ఆర్పలేదు. పాపం, ఆమెకు ఆ దీపమంటే గౌరవం. వత్తి మొత్తం అయ్యేదాకా ఎదురుచూసింది. అది కొడిగట్టి, ఎర్రగా మిగిలి, పొగ వచ్చింది. అవ్వ రెండు చేతులూ జోడించింది.

"ఆలకిస్తి తల్లీ" అంది.

అంతే. అంతకు మించి ఒక్క మాట లేదు. ఓనరమ్మ గడప మీది చెయ్యి తీసుకుంది. "సమజైంది" అని లేచి వెళ్లిపోయింది. కరిగిపోయిన మనిషి అలా నడవదు. నేను చూశాను ఆ నడక.

మర్నాటి నుంచి మాకు పాలు రాలేదు. బావి దగ్గర మేం పోతే మిగతావాళ్లు బిందెలు ఎత్తుకుని పక్కకు జరిగేవాళ్లు. ఎవరూ తిట్టలేదు. ఎవరూ రాయి విసరలేదు. మా వాళ్లు 'ఇల్లు కాపాడింది' అంటారే, ఆ రాయి పడకపోవడాన్నే అంటారు. మాట పడకపోవడం ఎంత బరువో వాళ్లకు తెలియదు. దుకాణంలో ఉప్పు అడిగితే తూచి ఇచ్చేవాడు, ముఖం చూసేవాడు కాదు. నేను గోడ దగ్గర నిలబడితే రొట్టెలు చరిచే చప్పుడు ఆగిపోయేది. వారం తిరక్కుండా మెట్టుగూడలో రైల్వే క్వార్టర్లో ఉండే మా మేనమామ ఇంటికి సామాను ఎత్తేశాం. బండి కదిలేటప్పుడు ఓనరమ్మ వసారాలో నిలబడి ఉంది. అమ్మ వెళ్లొస్తామంది. ఆమె తల ఊపింది.

అన్న మామిడికాయల కాలం దాటాక బయటికి వచ్చాడని విన్నాం. మోకాలు సరిగా అతకలేదు. చదువుకు మళ్లీ పోలేదు. ఒకసారి మెట్టుగూడ గేటు దగ్గర సైకిలు నడిపించుకుంటూ కనిపించాడు, రెండు వైపులా పాల క్యాన్లు. నేను ఆగిపోయాను. వాడూ ఆగాడు. "మీ నాయన మంచిగున్నడా?" అని అడిగాడు. ఉన్నాడన్నాను. "ఉండనీ" అని కుంటుతూ పోయాడు. ఆ మాటలో కోపం ఉందేమోనని ఎన్నోసార్లు మనసులో తిరగేసి చూశాను. ఏదీ తేలలేదు.

నాన్నను అడిగాను. నేను అడగకుండా ఉండే దాన్ని కాదు. కాలేజీలో చేరాక, ఏ మాటకైనా ఎదురు మాట పెట్టడం వచ్చాక అడిగాను. ఆ రోజు జీపులో వాళ్లు నిన్నేమడిగారు నాన్నా అని.

"దారి అడిగినారు" అన్నాడు.

ఏ దారి అన్నాను. అద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని పేపరు విప్పాడు. ఆ పేపరు వెనకే పోయేదాకా ఉన్నాడు. ఆయన చెప్పాడని నేను అనడం లేదు. నిజంగానే బస్సు లేక జీపెక్కి ఉండవచ్చు. వీధిలో పాలకుండ బరువు చూసి ఇంకెవరైనా పసిగట్టి ఉండవచ్చు. నాన్న భయస్థుడు, చెడ్డవాడు కాదు. భయస్థుణ్ణి జీపులో కూచోబెట్టి అడిగితే ఏం చెబుతాడో మాత్రం నాకు తెలియదు.

నాకు మింగుడు పడనిది అవ్వ సంగతి. నియమం తప్పకూడదని ఊరుకుందంటారు మావాళ్లు. అవ్వ నియమం తప్పగలదు. ఆ వేసవి ముందు ఒక ఆలకింపు మధ్యలో మా తమ్ముడు పాక్కుంటూ ఉడుకుతున్న ఎసరు దగ్గరికి పోతే, వీధి అదిరేలా అరిచి లేచింది. ఆ రోజు వత్తి పోతే పోయిందంది, పిల్లగాని కన్నా వత్తి ఎక్కువా అంది. కథ చెప్పే మా తమ్ముడు ఆ నియమం తప్పడం వల్లనే కాలకుండా మిగిలాడు.

మెట్టుగూడకు పోయాక ఆమె మళ్లీ ఆలకింపుకు కూచోలేదు. సందె వేళకు అందరికన్నా ముందు లేచి వాకిలి మూసి గడియ పెట్టేది. ఎందుకవ్వా అంటే రైళ్ల రొద అనేది. నేను ఎన్ని తీర్ల గుచ్చి అడిగినా, ఆ ఇంటి ప్రస్తావన తెచ్చినా, చెవులకు కొంగు కప్పుకునేది. అన్ని చప్పుళ్లనూ సమానంగా ఆలకించిన మనిషి నా ఒక్క ప్రశ్నను ఆలకించకుండానే పోయింది.

మా తమ్ముడి కూతురు ఈ కాగితాలు తన క్లాసులో చదవదని నాకు తెలుసు. చదవకపోతే పోనీ. ఎదుట కూచున్న తల్లి 'లేదు' అనే ఒక్క మాట గడప మీద చెయ్యి వేసి అడుక్కుంది. ఆ మాట అవ్వ కొడుకును కాపాడేది, మమ్మల్ని కాపాడేది, ఆమెకు మనిషి మీద నమ్మకాన్ని మిగిల్చేది. అవ్వా, ఆ సాయంత్రం నువ్వు నోరు తెరవనిది నీ గురువు నియమం కోసమా, లేక దీపం ముందు కూచుని అబద్ధం ఆడలేకనా?